నా ఒంటికి తగిన మోతాదు

ఆ పొద్దున నా కుడిచెయ్యి నా మాట వినలేదు.

సిరిసిల్లలో మా ఇంటి ముందు గదిలో రెండు మరమగ్గాలు ఉండేవి. మా దగ్గర వాటిని సాంచాలు అంటాం. మా ఆయన వాటిని నడిపేవాడు, నేను పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేదాన్ని. ఆ రోజు పోగు అందుకోబోతే చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది. పోగు తెగింది. నిద్ర చాలలేదేమో అనుకుని ముడి వేసి మళ్లీ మొదలుపెట్టాను. అంతవరకే నాకు గుర్తు. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. నోట్లో ఉప్పగా రక్తం, పిడికిట్లో ఎవరో పెట్టిన తాళంచెవుల గుత్తి. వాడంతా మా గుమ్మంలోనే నిలబడి ఉంది. సాంచాలు ఆగిపోయి ఉన్నాయి. అవి పగటిపూట ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. కోరుట్ల నుంచి కోడలిగా వచ్చి ఏడాది అయింది. ఎనభైల నడుమ మాట ఇది, ఇప్పటికి పన్నెండేళ్లు దాటింది.

ఫిట్స్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. వచ్చినప్పుడు నేను అక్కడ ఉండను. చూసినవాళ్లు ఏం చెబితే అదే నాకు జరిగింది. కాళ్లు చేతులు కొట్టుకున్నాయని, కళ్లు పైకి పోయాయని, చీర తడిసిందని మా అత్తమ్మ మెల్లగా చెప్పింది. నాకు గాలి సోకిందని ఆమెకు అనుమానం. వేములవాడ తీసుకుపోయి గుడి దగ్గర ఒక రాత్రి నిద్ర చేయించింది. తెల్లారి అక్కడే మళ్లీ పడ్డాను. ఇంటికి రాగానే కొడుకుతో ఆమే అంది: “దేవునికి మొక్కుకున్న, అది వేరే. పిల్లను డాక్టరుకు చూపియ్యి.”

కరీంనగర్‌లో మేం చూపించిన డాక్టరు పెద్దవయసాయన, ఓపిక మనిషి. హైదరాబాద్ పంపి, తలకు తీగలు పెట్టి చేసే ఈఈజీ పరీక్ష తీయించాడు. ఎపిలెప్సీ, అంటే మూర్ఛ జబ్బు అన్నాడు. ఇది దయ్యమూ కాదు, అంటు జబ్బూ కాదు, మందుతో అదుపులో ఉంటుందని మా అత్తమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పాడు. నన్ను తూకం మిషను ఎక్కించాడు. నలభై రెండు కిలోలు. పుస్తకం తెరిచి, కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కకట్టి, ఫినిటోయిన్ వంద మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడు రాశాడు. మనిషి మనిషికి కొంచెం తేడా ఉండొచ్చు, వాడి చూద్దామన్నాడు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఇక ఈ జబ్బు పోయిందనే అనుకున్నాం. అప్పుడు కోరుట్లలో మా అన్న పెళ్లి. పనుల్లో పడి రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. తలంబ్రాలు పోస్తుండగా పందిట్లోనే పడిపోయాను. లేచేసరికి నన్ను కన్న అవ్వ ఒడిలో ఉన్నాను. ఆడపెళ్లివాళ్లు కొందరు లేచి వెళ్లిపోవడం కనిపించింది. కొడుకు పెళ్లిలో మా బాపు ఎవరి ముఖమూ చూడలేక పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరు మరో మాత్ర కలిపాడు. మూడు కాస్తా నాలుగయ్యాయి. ఒక్క మాత్రతో ఏమవుతుందని ఎవరం ఆలోచించలేదు.

రెండు వారాలు తిరగకముందే నాకు గోడ మీద గడియారాలు రెండు కనిపించసాగాయి. మాట ముద్దగా వచ్చేది. నీళ్లబిందె ఎత్తుకుని నడిస్తే కాళ్లు ఒకవైపు, ఒళ్లు ఒకవైపు. వీధిలో ఒకామె మా అత్తమ్మను ఆపి, మీ కోడలు పొద్దుపొద్దునే కల్లు తాగుతుందా అని అడిగిందట. అత్తమ్మ ఇంటికొచ్చి నాకేం చెప్పలేదు. ఆ రోజు నుంచి బోరింగు దగ్గరికి ఆమే పోయింది. అరవై దాటిన మనిషి.

ఫిట్స్ తగ్గకపోగా పెరిగాయి. వారంలో రెండుసార్లు పడ్డాను. కరీంనగర్ వెళితే మొదట చూసిన డాక్టరు ఊళ్లో లేడు. ఆయన బదులు కూర్చున్న డాక్టరు కాగితాలు చూసి, ఫిట్స్ వస్తున్నాయి కాబట్టి డోసు చాలట్లేదు, పుస్తకం ప్రకారం ఇంకా పెంచడానికి వీలుందని చెప్పి ఇంకో సగం మాత్ర చేర్చాడు. ఆయన చదువుకున్నది ఆయన చేశాడు. నాకు మాత్రం ఆ తర్వాతి రోజులు సరిగ్గా గుర్తులేవు. మంచంలో కూర్చోబెడితే పక్కకు ఒరిగేదాన్ని. తిన్నది నిలిచేది కాదు. మా ఆయన రోజూ తప్పకుండా నోరు తెరిపించి మాత్రలు వేసేవాడు. ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

చివరికి జీపు మాట్లాడి హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మెదడు, నరాల జబ్బులు చూసే న్యూరాలజీ వార్డులో పెద్ద డాక్టరు నా కళ్ల ముందు వేలు అటూ ఇటూ కదిపాడు. నా కళ్లు వేలి వెంట పోకుండా వణికాయట. పక్కనున్న చిన్న డాక్టర్లతో “నిస్టాగ్మస్” అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, “ఇది జబ్బు పెరగడం కాదయ్యా. మందు ఎక్కువైంది. టాక్సిసిటీ” అన్నాడు.

మా ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. “నా చేత్తోనే ఏసిన సార్,” అన్నాడు. “పూట తప్పకుంట ఏసిన.”

మందు పూర్తిగా ఆపి, వార్డులో ఉంచి చూసుకున్నారు. రక్తం తీసి లెవెల్ చూడడానికి పంపారు. రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష అది. కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి, ఆ రెంటి మధ్య ఉండాలి. నాది పైగీతకు రెట్టింపు దాటి ఉంది. అంత ఎక్కువైతే మందే ఫిట్స్ తెప్పిస్తుందని అప్పుడు తెలిసింది.

ఆ పరీక్ష చేసే విభాగంలో ఒక డాక్టరమ్మ ఉండేది. గుంటూరు వైపు మనిషి, నడివయసు, సన్నగా ఉండేది. వార్డుకు వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తన గదిలో కొత్తగా కంప్యూటరు వచ్చిందని, నా లెక్క అందులో వేస్తానని చెప్పింది. నలభై రెండు కిలోల మనిషికి మూడు మాత్రలని పుస్తకంలో ఉంటే, నాలుగున్నరకే ఇట్లెందుకయిందని మా ఆయన అడిగాడు.

“పుస్తకంలో ఉన్నది మీ భార్య లెక్క కాదండీ,” అందామె. “వందల మంది రక్తం పరీక్ష చేసి, ఏ బరువువాళ్లకు, ఏ వయసువాళ్లకు ఎంత పడుతుందో సగటు కట్టారు. ఎక్కువమంది పైదేశాల వాళ్లు. కొత్త మనిషి వస్తే మేం ఆ సగటుతోనే మొదలుపెట్టాలి, వేరే దారి లేదు. కానీ ఆ గుంపులో ఈ అమ్మాయి ఎక్కడుందో ఆమె రక్తమే చెప్పాలి. ఈమె లివర్ ఈ మందును అందరికంటే నెమ్మదిగా కరిగిస్తోంది.”

మా ఆయన, “సాంచాలన్నీ ఒక్క తీరుగ నడవయి గద మేడం,” అన్నాడు. ఆమె అవునంది. ఒక్క మాత్రకే అంత తేడా ఎందుకొచ్చిందో కూడా చెప్పింది. ఇంట్లో కాళ్లు చేతులు కడుక్కునే జాలారిలో నీళ్లు పోతూనే ఉంటాయి, తూము పట్టినంతవరకూ ఏమీ తెలియదు, తూము నిండాక ఇంకో చెంబు పోసినా నీళ్లు ఇంట్లోకి వస్తాయి, ఈ మందు కూడా ఒంట్లో అంతే అంది. డాక్టరు చదువులో నాకు నిజంగా అర్థమైన మాట అదొక్కటే.

ఒళ్లు కుదుటపడ్డాక రెండు మాత్రలతో మొదలుపెట్టారు. మూడు వారాలకు మళ్లీ రక్తం తీశారు. ఆ అంకెను కంప్యూటరులో వేస్తే, అది కట్టే మోతాదు అందరి సగటు నుంచి జరిగి నా ఒంటికి దగ్గరగా వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. మరో రెండుసార్లు రక్తం ఇచ్చాక నా మోతాదు తేలింది. రెండు వందల ఇరవై ఐదు మిల్లీగ్రాములు. వందవి రెండు, యాభై మాత్రలో సగం. మా ఆయన రోజూ పొద్దున బ్లేడుతో యాభై మాత్రను రెండు ముక్కలు చేసి, రెండో ముక్కను మరునాటికి సీసాలో దాచేవాడు.

ఫిట్స్ ఆగిపోయాయి. మాట తేటపడింది. గడియారం ఒక్కటే కనిపించింది. కానీ చేతుల వణుకు పోలేదు. నడకలో తూలు కొంచెం మిగిలింది. ఎక్కువైన మందుతో చిన్నమెదడుకు దెబ్బ తగిలిందని, కొంత తగ్గుతుందని, కొంత తగ్గదని న్యూరాలజీ డాక్టరు దాచకుండా చెప్పాడు. ఇంటికొచ్చి మళ్లీ కండెల ముందు కూర్చున్నాను. పోగు దొరకలేదు. దొరికినా ముడి పడలేదు. చిన్నప్పటి నుంచి కళ్లు మూసుకుని చేసిన పని అది. మా ఆయన సాంచా దగ్గర నుంచి చూశాడు. లేచి వచ్చి నా రాట్నం తీసి పక్కింట్లో ఇచ్చి వచ్చాడు. అప్పటి నుంచి నేను తయారైన గుడ్డ మడతపెడుతున్నాను. ఆ పనికి చేతులు వణికినా ఫరవాలేదు.

రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాయి. తర్వాత నెల తప్పింది.

సంతోషం కంటే ముందు భయమే వేసింది. ఈ మందు కడుపులో బిడ్డకు మంచిది కాదని వాడలో అందరూ అన్నారు. మానేస్తానేమోనని మా ఆయన నన్ను నేరుగా హైదరాబాద్ తీసుకుపోయాడు. మందు వల్ల బిడ్డకు కొంత ప్రమాదం ఉన్న మాట నిజమేనని, మందు మానేసి ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ అంతకంటే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. ఫోలిక్ యాసిడ్ రాయించింది. గర్భంతో ఉన్నప్పుడు రక్తంలో మందు లెవెల్ తగ్గిపోతుందంది. ఎంత తగ్గుతుందో తనకు తెలియదని కూడా అంది.

“నా కంప్యూటర్ ఇప్పుడు చెప్పే అంకెను నేను నమ్మను రాజేశ్వరీ. ఇందులో ఉన్నవాళ్లలో గర్భిణులు లేరు. నెలనెలా రా. నీ రక్తాన్ని బట్టే పోదాం.”

నెలనెలా వెళ్లాం. సిరిసిల్ల నుంచి బస్సులో, వాంతులు చేసుకుంటూ. ప్రతిసారీ లెవెల్ తగ్గింది, ప్రతిసారీ ఆమె కొంచెం పెంచింది. ఐదో నెలలో బిడ్డ కదలడం తెలిసింది. సాయంత్రం సాంచాలు ఆపగానే బిడ్డ కదిలేది. ఆ చప్పుడు అలవాటై, ఆగితే లేస్తుందని మా అత్తమ్మ నవ్వేది. నా కడుపు మీద చెవి పెట్టి, “జర ఆగవే, నీ అయ్యను బువ్వ తిననియ్యి,” అనేది. ఆడపిల్లేనని ఆమె ముందే తేల్చేసింది.

ఆరో నెలలో వెళితే పరీక్ష చేసే కిట్ అయిపోయిందన్నారు. అది పైదేశం నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో తెలియదు. డాక్టరమ్మ ఏదో శిక్షణకు వేరే రాష్ట్రం వెళ్లింది. ఆమె స్థానంలో ఉన్నాయన రక్తం తీయకుండానే చార్టు చూసి, ఇప్పుడు వేసుకుంటున్నది నా బరువుకు సరిపోతుంది, పైగా నేను ఒకసారి టాక్సిసిటీ దాకా పోయినదాన్ని కాబట్టి పెంచడం మంచిది కాదన్నాడు. మా ఆయన కౌంటరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పటిదాకా ప్రతి నెలా పెంచారు, ఈ నెల కూడా తగ్గే ఉంటుంది గదా అని అడిగాడు. కిట్ లేకుండా ఎవరూ చెప్పలేరన్నారు. ఆ మాట కూడా నిజమే.

ఏడో నెల నడుస్తుండగా ఒక పొద్దున జాలారి దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. చెయ్యి ఎగిరిపడింది. మా ఆయనను పిలవడానికి నోరు తెరిచాను. పిలిచానో లేదో తెలియదు.

ఒక ఫిట్ ఆగకముందే ఇంకోటి వచ్చిందట. జాలారి గట్టు మీద, కడుపు కిందుగా పడ్డానట. జీపులో కరీంనగర్ ఆసుపత్రికి చేరేదాకా ఫిట్స్ ఆగలేదు. ఇంజెక్షన్లు ఇచ్చి ఆపారు. కడుపులో బిడ్డ మాయ ముందే విడిపోయిందని, బిడ్డ గుండె వినబడటం లేదని చెప్పారట. నాకు తెలివి వచ్చేసరికి రెండో రోజు. పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను. అత్తమ్మ నా చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. అప్పటికే అంతా అయిపోయింది.

ఆడపిల్ల. మా ఆయన, మా బాపు కలిసి తీసుకుపోయి మట్టి చేశారు. నేను చూడలేదు. నన్ను అడగడానికి నేను అక్కడ లేను. కడుపున మోసిన బిడ్డను గురించి నాకు తెలిసినదంతా మా అత్తమ్మ చెప్పిందే. తల నిండా జుట్టుందని, గోళ్లు కూడా వచ్చాయని, ముక్కు మా ఆయనదని చెప్పింది. ఎన్నోసార్లు అడిగాను. ఎన్నిసార్లు అడిగినా ఒకే మాటల్లో చెప్పేది. ఒకరోజు మాత్రం చెబుతూ చెబుతూ ఆగిపోయి, “ఇగ అడగకు బిడ్డా, నాతోని అయితలేదు,” అంది. ఆ తర్వాత నేను అడగలేదు.

నెల తిరగకముందే, శిక్షణ నుంచి తిరిగొచ్చి సంగతి తెలుసుకున్న డాక్టరమ్మ నుంచి కబురు వచ్చింది. కాన్పు తర్వాత లెవెల్ మళ్లీ పెరుగుతుంది, మోతాదు తగ్గించకపోతే పాత ప్రమాదమే వస్తుంది, వెంటనే రమ్మంది. మా ఆయన రానన్నాడు. నేను మా బాపును వెంటబెట్టుకుని పోతానంటే చివరికి కదిలాడు.

డాక్టరమ్మ లేచి నిలబడింది. కూర్చోమని మాకు చెప్పలేదు, తాను కూర్చోలేదు. అప్పటికి కిట్ వచ్చింది. నా రక్తం తనే తీసింది. తర్వాత, “నేను ఊళ్లో ఉన్నా కిట్ లేకపోతే అంచనా వేసేదాన్నే. అది సరిపోయేదో లేదో చెప్పలేను,” అంది. రక్తం సీసా పక్కన పెట్టి ఒక మాట అడిగింది. గర్భంతో ఉండగా నెలనెలా నా లెవెల్ ఎంతెంత తగ్గిందో ఆ అంకెలు ఆమె దగ్గర ఉన్నాయి. మన దగ్గరి ఆడవాళ్లవి అట్లాంటివి ఎవరి దగ్గరా లేవు. పేరు లేకుండా వాటిని తన లెక్కలో కలుపుకోవచ్చా అని అడిగింది.

మా ఆయన గొంతు ఎప్పుడూ పెద్దగా లేవదు. అప్పుడూ లేవలేదు. “మా పిల్ల పోయినంక మీకు లెక్క దొరికిందా మేడం,” అన్నాడు.

ఆమె ఆ అంకెలున్న కాగితం తీసి బల్ల మీద పెట్టింది. వద్దంటే వద్దని, ఆ కాగితం చించేస్తానని అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మీద కోపం లేదు, దయ కూడా లేదు. ఆ అంకెలు తీసినప్పుడల్లా నా బిడ్డ నా లోపల బతికి ఉంది. అది ఉన్నదని చెప్పే కాగితం ప్రపంచంలో అదొక్కటే అనిపించింది.

“చింపకుర్రి,” అన్నాను. “కలుపుకోర్రి. నా పిల్ల ఏదో ఒక కాడ ఉంటది.”

మా ఆయన బయటికి వెళ్లిపోయాడు. బస్సులో నా తల తన భుజానికి ఆనించుకున్నాడు. సిరిసిల్ల చేరేదాకా అట్లాగే ఉన్నాడు.

మళ్లీ ప్రయత్నించలేదు. డాక్టర్లు వద్దనలేదు, మేమే వద్దనుకున్నాం. అత్తమ్మ మూడేళ్ల కింద పోయింది. మా పిల్ల ముఖం చూసిన మనుషుల్లో మా ఆయన, బాపు మిగిలారు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

కిందటేడు చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద నిర్మల్ నుంచి వచ్చిన ఒక గర్భిణి కూర్చుని ఉంది. నా మందే వేసుకుంటోంది. లెవెల్ పడిపోయేదాకా ఆగకుండా, ఆమెకు నాలుగో నెల నుంచే మోతాదు పెంచుతూ వస్తున్నారు. డాక్టరమ్మ నాకు పేర్లు చెప్పలేదు, ఇప్పుడు తన లెక్కలో నాలాంటివాళ్లు మరికొందరు ఉన్నారని మాత్రం అంది. ఆ అమ్మాయి నా వణికే చెయ్యి చూసి భయపడింది. ఇది పాత సంగతి, నీకిట్లా కాదని చెప్పాను. తర్వాత ఆమెకు ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ బాగున్నారని తెలిసింది. సంతోషమే అయింది. కానీ ఆ రోజు అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేకపోయాను. మా ఆయన నా కంచం తీసి మూతపెట్టాడు.

ఇప్పుడు నాకు ఫిట్స్ లేవు. మోతాదు మళ్లీ రెండు వందల ఇరవై ఐదే. పొద్దున గుడ్డ మడతపెడతాను, ఇల్లు చూసుకుంటాను. పొయ్యి దగ్గర, బావి దగ్గర ఒంటరిగా ఉండను. నాలుగు మెట్లయినా గోడ పట్టుకుని దిగుతాను.

ఫిట్స్ మందు వాడే అక్కాచెల్లెళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు ఒక్క మాట చెప్పాలని ఇదంతా రాశాను. గర్భం వచ్చినా, కామెర్లు వచ్చినా, టీబీ మాత్రల వంటి కొత్త మందు మొదలుపెట్టినా, నడక తూలినా, ఒకటి రెండుగా కనిపించినా, మందు మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు. లెవెల్ చూడమని డాక్టరును అడగండి. కిట్ లేదంటే, ఇంకెక్కడ చేస్తారని అడగండి. కిట్ లేదని మేం తిరిగొచ్చిన ఆ రోజు హైదరాబాద్‌లోనే ఇంకో చోట ఆ పరీక్ష చేస్తున్నారట. ఏడాది తర్వాత తెలిసింది. మేం అడిగాం, లేదనగానే వచ్చేశాం. మీరు మాత్రం, వాళ్లు ఉందనేదాకా అడగండి.